బొగ్గుబాయి పెండ్లికొడుకులు

పోయిన నెల ప్రణీత అని ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. మహదేవపూర్ దగ్గర గోదావరి ఒడ్డున ఉన్న పంపుహౌసును, మనిషి నిలబడి నడిచిపోయేంత లావు పైపులను నలుపు తెలుపు ఫిలిం మీద ఫోటోలు తీసిందట. తీయడమైతే తీసింది గానీ రీలు కడగడం రాదు. జనగామలో పాతకాలపు ఫోటోగ్రాఫరమ్మ ఒకామె ఉందని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది. కూర్చుని, మంచినీళ్ళు తాగి, నా నెరిసిన జుట్టు వంక ఒకసారి చూసి, "ఆంటీ, మీకింకా చేతనైతదా?" అని అడిగింది. నాకు ఎక్కడ మండాలో అక్కడ మండింది. "చేతనైతదో లేదో తర్వాత జూద్దాం, ముందుగాల ఆ రీలు ఇటియ్యి" అన్నాను. స్నానాల గది కిటికీకి రెండు దుప్పట్లు కట్టి, తలుపు కింద పాత చీర కుక్కి, లైటు ఆర్పేసి, ఆ చిమ్మచీకట్లో రీలు విప్పగానే నా వేళ్ళు వాటంతటవే పనిలో పడ్డాయి. ఇన్నేళ్ళయింది, ఒక్క మెలకువ కూడా మరిచిపోలేదు! కడిగిన ఫిలిం వెలుతురుకు ఎత్తి పట్టుకున్నప్పుడు, నల్లవి తెల్లగా, తెల్లవి నల్లగా ఆ పైపులన్నీ వరసగా కనబడేసరికి నేను అరిచిన అరుపుకు పక్కింటివాళ్ళు గోడ మీదినుంచి తొంగిచూశారు. ప్రణీత నవ్వు ఆపుకుంటూ, "మీరు మొదట తీసిన ఫ్యాక్టరీ ఫోటో ఏది ఆంటీ?" అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను. పాపం, ఆమెకు ఆ పూట బస్సు తప్పిపోయింది. ఆమెకు చెప్పినదానికి, ఆమె వెళ్ళాక గుర్తొచ్చినవి కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మా నాయిన పేరు రాజలింగం. జనగామ స్టేషను రోడ్డులో ముందు గది స్టూడియో, వెనక మూడు గదులు ఇల్లు. డార్క్‌రూం అని పెద్ద పేరే గానీ అది ఒకప్పటి వడ్ల అర్ర. దాని గోడల్లో ఎలుకలు ఎప్పటికప్పుడు కొత్త సందు చేసేవి. ఆ సందులోంచి సూది మొనంత వెలుగు లోపలికి వచ్చినా ఫిలిం పాడైపోయినట్టే. అందుకని మా అమ్మ పొద్దున్నే వాకిలి అలికి, ముగ్గు పెట్టి, చేతిలో మిగిలిన పేడముద్దతో అర్ర చుట్టూ తిరిగి సందులు మూసేది. ఎంత మూసినా లోపల వడ్ల వాసన పోలేదు. దాని మీద ఫిలిం కడిగే హైపో మందు ఘాటు, దాని మీద బయట అరుగు మీద కూర్చున్న మా అవ్వ చుట్ట వాసన. చీకట్లో గడియారం కనబడదు కాబట్టి టైము చూసే ఉద్యోగం అవ్వది. హైపోలో ఫిలిం ఒక చుట్ట కాలేంతసేపు ఉండాలని మా ఇంటి లెక్క. చుట్ట అయిపోగానే అవ్వ తన కట్టెతో తలుపు మీద కొట్టి, "అయిందే పోరీ, తియ్యి!" అని కేకేసేది. నాతో తగువు పడిన రోజున కావాలనే గబగబ పీల్చేసేది కూడా. అలా పాడైన రీలు నాకు తెలిసి ఒకటుంది. ఆ సంగతి నాయినకు నేనూ చెప్పలేదు, అవ్వా చెప్పలేదు.

అవ్వ "పోరీ" అని పిలిచేది నన్నే. పదో తరగతి అయినప్పటి నుంచి కడిగే పని, ప్రింట్లు వేసే పని నాదే. బాయిలో నీళ్ళు చేది ఆరు బకెట్లు మార్చాలి, ఫోటోలకు అంటిన మందు పోవాలంటే. తర్వాత తడి ఫోటోలను అద్దం పలకల మీద బోర్లించి, గాలి బుడగ లేకుండా ఒత్తి ఎండలో పెట్టేదాన్ని. ఎండేకొద్దీ అవి టక్కు టక్కుమని వాటంతటవే ఊడి కింద పడేవి, అద్దంలాంటి మెరుపుతో. ఎండాకాలం మధ్యాహ్నాలు మా వాకిట్లో ఆ చప్పుడు వినబడుతూనే ఉండేది. జనగామలో పెండ్లయిన ప్రతి జంటా నా చేతిలో తడిసి, నా చేతిలో ఎండినవాళ్ళే. కానీ ఫోటో ఎవరు తీశారంటే రాజలింగం, ఎవరు కడిగారంటే రాజలింగం. నేను లోపల చీకట్లో ఉన్నానని మా వాడకట్టులో కూడా సగం మందికి తెలియదు. "నాయినా, ఒక్క పెండ్లి నేను తీస్త" అని అడిగితే, "పందిట్ల కెమెరా పట్టుకోని ఆడిపోరి తిరిగితే పెండ్లిపిల్లను ఎవలు జూస్తరే?" అని నవ్వేసేవాడు. తిట్టే మనిషి కాదు. తిడితే ఎదురు తిరగవచ్చు, నవ్వితే ఏం చేస్తాం?

నాయిన పని అంతా పెన్సిలు పని. కిటికీ పక్కన వాలుగా ఒక బల్ల, దాని మధ్యలో కంత, కంత కింద అద్దం. నెగటివును ఆ కంత మీద పెట్టి, ఏదో మందు దూదితో రుద్ది, సూదిలా చెక్కిన పెన్సిలుతో ముఖం మీద చుక్కలు పెట్టేవాడు. నెగటివులో ఎక్కడ పెన్సిలు పడితే ఫోటోలో అక్కడ తెలుపు వస్తుంది. అమ్మవారు పోసిన మచ్చలు, పెదవి మీది గాటు, కళ్ళ కింది నలుపు, అన్నీ ఆ చుక్కల కింద మాయమయ్యేవి. ఊపిరి బిగబట్టి చుక్క పెట్టడం, వదిలి మళ్ళీ బిగబట్టడం. ఒక్కో ముఖానికి ఒక పూట. "రాజలింగం కాడ ఫోటో దిగితే కాకి గూడ కొంగైతది" అని ఊళ్ళో ఎగతాళి చేసేవాళ్ళు, మళ్ళీ పిల్లకు సంబంధం చూడాలంటే ముందు వాళ్ళే వచ్చేవాళ్ళు, రఘునాథపల్లి నుంచి కూడా జనం బస్సెక్కి వచ్చేవాళ్ళు.

ఇక నా పిచ్చి వేరు. నాకు మనుషుల కంటే మిషిన్ల మీద మోజు. మా ఇంటికి నాలుగు సందుల అవతల పత్తి జిన్నింగు మిల్లు ఉండేది. సీజనులో మిల్లు నడుస్తుంటే దూది పింజలు గాలిలో లేచి, పైకప్పు రేకుల కంతల్లోంచి పడే ఎండలో తిరుగుతుండేవి. ఉప్పు కోసం పంపితే నేను ఆ గేటు దగ్గరే నిలబడిపోయేదాన్ని. అమ్మ పొయ్యి మీద కూర పెట్టుకుని నన్ను తిడుతూ ఎదురుచూసేది. చేతిలో కెమెరా లేకపోయినా, ఇక్కడ నిలబడాలి, ఇంత వెలుతురు తీసుకోవాలి అని నాలో నేనే లెక్కలు వేసుకునేదాన్ని.

నా మొదటి మిషిను ఫోటో మాత్రం మానుకోటలో, అదే ఇప్పటి మహబూబాబాద్‌లో తీశాను. అక్కడి రైసుమిల్లు పటేలు కొత్త బాయిలరు పెట్టించి, దాంతో ఫోటో దిగుతానని నాయినను పిలిపించాడు. సామాన్లు మోయడానికి నేనూ పోయాను. మా నాయిన చేసిన పని వినండి. స్టూడియో నుంచి సరస్సు, హంసలు, పాలరాతి మెట్లు గీసిన తెర మోసుకొచ్చి, ఆ బాయిలరుకు అడ్డంగా కట్టాడు! పటేలును కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు మోకాళ్ళ మీద పెట్టించాడు. బాయిలరు లేదు, మిల్లు లేదు, తెర పైనుంచి పొగగొట్టం ఒక్కటే హంసల నెత్తిన లేచినట్టు కనబడుతోంది. పటేలు మహా సంతోషపడ్డాడు. తెర తాళ్ళు బిగించేటప్పుడు నాయిన కెమెరా నా చేతికి ఇచ్చాడు. పైనుంచి కిందికి చూసే రెండు కళ్ళ కెమెరా అది, రీలుకు పన్నెండే ఫోటోలు. నేను మిల్లు లోపలికి తిరిగాను. ఉడికిన వడ్ల ఆవిరి, ఊక దుమ్ము, పైన తిరిగే పెద్ద చక్రం, దాని మీదినుంచి కిందికి జారే పట్టీలు, ఆ దుమ్ములోంచి ఏటవాలుగా ఒక ఎండ కడ్డీ. నొక్కేశాను.

రీలు ఒక ఫోటో ముందే అయిపోయేసరికి నాయినకు దొంగ దొరికిపోయింది. కడిగాక ఆ నెగటివు పట్టుకుని, "గిండ్ల మనిషేడి? ఒక్క మనిషన్న లేకుంట ఫోటో ఎందుకే? ఫిలిం ఖరాబ్ జేస్తివి" అన్నాడు. అంచు మరకపడిన కాగితం ఒకటి ఉంటే దాని మీద ప్రింటు వేసుకుని, అర్ర తలుపుకు మైదాపిండితో అతికించుకున్నాను.

దాన్ని చూసినవాడు ఓదెలన్న. భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసేవాడు, ఇల్లు రేగొండ పక్కన ఊళ్ళో. చెల్లెలి పెండ్లి ఆల్బం తీసుకుపోవడానికి వచ్చాడు. లోపల నేను కవర్లు సర్దుతుంటే తలుపు దగ్గరికి వచ్చి నిలబడిపోయాడు.

"గిది ఎవలు తీసిండ్రు, రాజలింగమన్నా?"

"మా పోరి. ఉత్తగ ఒక ఫిలిం ఖరాబ్ జేసింది."

"ఖరాబేంది అన్నా! గిది జూస్తాంటే నాకు మిషిని సప్పుడు ఇనవడ్తాంది."

నా కాళ్ళు నేల మీద ఆనలేదంటే నమ్మండి. అప్పటిదాకా నా ఫోటో గురించి ఒక మంచి మాట అన్న మొదటి మనిషి ఆయన. ఓదెలన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మా బాయి గూడ గిట్లనే తియ్యాలె అన్నా. మిషిన్లు, బొగ్గు డబ్బాలు, మేము. మా జట్టుల పన్నెండు మందిమి ఉన్నం. మేము బాయి కాడ్నే తానం జేసి, తెల్లంగి ఏసుకోని ఇంటికి పోతం. పోంగనే పండుకుంట. మా ఇంటిది సారక్క ఏమంటదో ఎరికేనా? నీడపట్టున కుర్సీల కూసోని వస్తవ్, వచ్చి మళ్ళ పండుడా అంటది. బొగ్గు తవ్వుతనే అంటే నవ్వుతది. ‘గంత తెల్లగున్నవ్, నువ్వేం తవ్వుతవ్’ అంటది. ఒక్కసారన్న దాని కండ్లతోని జూడాలె." నవ్వుతూనే చెప్పాడు గానీ చివరి మాటకు వచ్చేసరికి నవ్వు లేదు.

వస్తానని నాయిన మాటిచ్చాడు. ఇచ్చిన వారానికే ఒక పెండ్లిపందిట్లో బల్ల మీదినుంచి పడి ఎడమచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. దవాఖానలో మోచేతి పైదాకా సిమెంటు కట్టు వేశారు. ఒంటిచేత్తో ఆ కెమెరా పట్టుకోవడం కుదరదు. అవతల ఓదెలన్న మేనేజరు సారును బతిమాలి పర్మిషను తెచ్చుకున్నాడు, రోజు కూడా ఖాయమైంది. రెండు పూటలు నాయిన పరేషాన్‌గా తిరిగి, చివరికి నన్ను పిలిచాడు. "రెండు రీళ్ళు ఇస్త. ఒకటి మిషిన్లకు, ఒకటి మనుషులకు. అవ్వను తోల్కపో. ఓదెలు మెచ్చేటట్టు మంచిగొస్తే ఇగ కెమెరా నీదే స్వరూపా. రాకపోతే మళ్ళ దాని పేరు ఎత్తద్దు." ఆ రాత్రి నేను నిద్రపోతే ఒట్టు.

అప్పుడు జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ వరంగల్ జిల్లానే. ఇప్పుడు మూడూ మూడు జిల్లాలు. అప్పుడు బస్సులు మారుతూ పోతే సగం రోజు పట్టేది. అవ్వ దారంతా చుట్ట వెలిగించబోవడం, కండక్టరు అరవడం. బాయి దగ్గర దిగగానే ముందు నాకు కనబడింది నలుపు. నేల నలుపు, చెట్ల ఆకులు నలుపు, గుడిసె హోటల్లో కప్పుల అంచులు నలుపు. అక్కడి గాలికి కూడా రంగున్నట్టుంది. బాయి అంటే నేను గుండ్రంగా, లోతుగా ఉంటుందనుకున్నాను. కాదు, భూమిలోకి ఏటవాలుగా దిగిపోయే సొరంగం. లోపలికి జారిపోతున్న రెండు పట్టాలు, వాటి మధ్యన వణుకుతున్న ఇనుప తాడు. ఆ తాడును చుట్టే డ్రమ్ము మా స్టూడియో గది అంత ఉంది! అది కదిలిందంటే కాలి కింద నేల అదురుతుంది, కొంచెంసేపటికి చీకట్లోంచి బొగ్గు డబ్బాలు ఒకదాని వెనక ఒకటి గొలుసుగా పైకి వస్తాయి. ఆడవాళ్ళు లోపలికి దిగకూడదని రూలు, కెమెరా అసలే పోకూడదు. నాకు పైన ఉన్నదే చాలు, కళ్ళు ఆగడం లేదు. డ్రమ్ము పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఒకటి, తాడు వెంట పడుకుని ఒకటి, బొగ్గును పైకి మోసుకుపోయే బెల్టు కింద నిలబడి ఒకటి, బొగ్గు నిలవచేసే ఇనుప కొట్టం కింద లారీ నిండుతున్నప్పుడు ఒకటి. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి నేను నేల మీద పడి పొర్లుతుంటే, అవ్వ నెత్తి కొట్టుకుని, "గీ చీర ఉతికేది నీ అత్తగాదే, నేనే" అని అరిచింది. మిషిన్ల రీలు అరగంటలో అయిపోయింది.

మధ్యాహ్నం షిఫ్టు దిగే వేళకు సొరంగం ముందు రెండో రీలుతో నిలబడ్డాను. మొదట చిన్న చిన్న దీపాలు కనబడ్డాయి, టోపీల మీదివి. తర్వాత అడుగుల చప్పుడు. ఎండలోకి రాగానే పన్నెండు మందీ ఒకేసారి కళ్ళు చికిలించారు. ముఖంలో కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ లేదు. అందులో ఓదెలన్న ఎవరో నేను పోల్చుకోలేకపోయాను! కెమెరా చూడగానే మా ఊరి పద్ధతే మొదలైంది. ఒకాయన టిఫిను డబ్బా మూతలోంచి దువ్వెన తీశాడు. ఒకాయన ఇస్త్రీ అంగీ తెచ్చుకున్నాడు. ఇద్దరు నల్లా వైపు ఉరికారు. ఫోటో అంటే స్నానం చేసి దిగేది కదా మరి. "ఏయ్, ఆగుండ్రి!" అని ఓదెలన్న అడ్డం తిరిగాడు. "కడుగుకున్నంక దిగేటందుకు గా పిల్ల గంత దూరం నుంచి రావాల్నా? గిట్లనే దిగుండ్రి." ఒక్కొక్కరినీ దగ్గరగా, ముఖం మాత్రమే వచ్చేలా తీశాను. బొగ్గు వెలుతురును మింగేస్తుంది. మామూలు లెక్కతో తీస్తే ముఖం బదులు మసిబొక్క వస్తుందని భయపడి కెమెరా కన్ను రెండు మెట్లు ఎక్కువ తెరిచాను. పన్నెండో ఫోటోతో రీలు అయిపోయింది.

ఇంటికి వచ్చి ఆ రాత్రే కడిగేశాను. అవ్వ ఆ రోజు చుట్టను ఎంత నిదానంగా పీల్చిందో! నెగటివులో అన్నీ తారుమారు కదా, బొగ్గు ముఖాలన్నీ వెన్నెలలా వెలుగుతున్నాయి, కళ్ళు మాత్రం నల్లటి చుక్కలు. ఒక్కటి కూడా పోలేదు. నాయిన కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "అయ్యో పాపం, ఎంత నల్లగున్నరే" అన్నాడు. నేను ఆ మాట పట్టించుకోలేదు. మర్నాడే మేనత్త కోడలి సీమంతానికి అమ్మతో రఘునాథపల్లి పోయాను. మూడు రోజులయ్యాక ఆదివారం పొద్దున తిరిగివస్తే, స్టూడియోలో బల్ల మీద ముద్దుగా కట్టిన కవరు, పక్కనే కెమెరా. ఒంటిచేత్తో నాయినే ప్రింట్లు వేసేశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి కెమెరా పట్టీ నా మెడలో వేశాడు. "మస్తు తీసినవ్ బిడ్డా. ఇగ గిది నీదే." నేను ఎగిరి గంతేశాను. కెమెరా గోడకు కొట్టుకోబోతే నాయినే పట్టుకున్నాడు.

ఆ సంబరంలోనే ఓదెలన్న వచ్చాడు. కవరు విప్పాడు. ఒక ఫోటో చూశాడు, కింద పెట్టాడు. ఇంకోటి చూశాడు. మూడోది చూసి తలెత్తి, "అన్నా, గీ పెండ్లికొడుకులెవలు?" అన్నాడు.

నేను లాక్కుని చూశాను. నాయిన మూడు రోజులు రాత్రీ పగలూ కూర్చుని పన్నెండు ముఖాల మీది బొగ్గునూ పెన్సిలుతో తీసేశాడు! నుదుళ్ళు నున్నగా, బుగ్గలు పాలు కారుతున్నట్టు, ఒక్క మరక లేదు. టోపీల కింద పన్నెండు మంది తెల్లటి పెండ్లికొడుకులు. ఎంత బాగా చేశాడంటే, ఆయన చేతిలో అంత మంచి పని నేను అంతకుముందు చూడలేదు. మెచ్చుకుంటారని నాయిన మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఓదెలన్న ఫోటోలన్నీ మళ్ళీ కవరులో సర్దాడు. "మంచిగున్నయన్నా. ఏం గాదు, తీస్కపోత" అని కవరు చంకలో పెట్టుకున్నాడు. నేను ఒక్క మాట మాట్లాడకుండా ఉంటే కెమెరా నా మెడలోనే ఉంటుంది. ఓదెలన్న గడప దాటబోయాడు.

"నాయినా, ఇవి తప్పు" అన్నాను. "అన్న మళ్ళ తెల్లంగి ఏసుకోని ఇంటికి పోయినట్టే ఉంది. పెన్సిలు తుడవాలె."

"తుడుస్తవా?" నాయిన గొంతు పెద్దది కాలేదు. "ఒక్కో ముఖం మీద ఎంతసేపు కూసున్ననో ఎరికేనా నీకు? మసి ముఖాలు ఇచ్చి పంపితే రాజలింగానికి పని రాదంటరు. నీ మొదటి పని అని జేసిన." నా మెడలోంచి పట్టీ తీసి కెమెరా మేకుకు తగిలించి లోపలికి పోయాడు. అన్నం తినలేదు. అమ్మ నన్ను కళ్ళతోనే కాల్చింది. ఓదెలన్న నేరం తనదైనట్టు అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది, కోపం కూడా, ఎవరి మీదో తెలియలేదు. సాయంత్రం ఐదు దాటాక టర్పెంటైను వాసన వచ్చింది. పోయి చూస్తే నాయిన ఒంటిచేత్తో, దూదితో, మొదటి నెగటివు మీద మెల్లగా తుడుస్తున్నాడు. ఫిలిం జారిపోతోంది. కొంచెం గట్టిగా రుద్దితే గీత పడి ముఖమే పోతుంది. నేను పోయి రెండు అంచులూ పట్టుకున్నాను. ఆయన తుడిచాడు. పన్నెండు నెగటివులూ అలాగే తుడిచాం. తర్వాత ఎర్ర బల్బు కింద ప్రింటు వేస్తుంటే, మందులో ముందు నలుపు లేచింది. నుదురు, చెంపలు, గడ్డం అన్నీ నిండిపోయి, కళ్ళు మాత్రం కాగితం తెలుపులోనే మిగిలి మమ్మల్ని చూశాయి. నేను సంతోషం పట్టలేక నాయిన కట్టు చెయ్యే పట్టుకుని ఊపాను. ఆయన "అబ్బా" అన్నాడే గానీ విదిలించలేదు. "ముందు ఓదెలు ఇంట్ల ఏమంటరో జూద్దాం" అని మాత్రం అన్నాడు.

ఇప్పుడు ప్రణీత ఫోనులో నా ఫోటో తీస్తే, నేను అడగకుండానే నా ముడతలన్నీ మాయమయ్యాయి. మా నాయిన మూడు రోజులు కళ్ళు ఎర్రబడేదాకా చేసిన పని రెప్పపాటులో అయిపోయింది. ఆ ఫోనుకు నా మీద కోపమూ లేదు, ప్రేమా లేదు. నాయిన పెన్సిలు పెట్టాలంటే మాత్రం ఒక పూటంతా ఆ ముఖంలోకి చూస్తూ కూర్చోవాల్సి వచ్చేది. మచ్చ ఎక్కడుందో తెలిసేకొద్దీ మనిషి మీద జాలి కలిగేదని తర్వాతెప్పుడో నాతో అన్నాడు. ఆయన చేసింది తప్పే. అంత మంచి తప్పు చేసేవాళ్ళు ఇప్పుడు నాకు కనబడటం లేదు. జిన్నింగు మిల్లు దగ్గర ఇప్పుడు సెల్ఫీలు దిగుతున్నారు గానీ, చక్రాన్ని ఎవరూ చూడటం లేదని నా గుణుగుడు. ప్రణీత లాంటి వాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారులెండి, వాళ్ళు వస్తే నాకు పండుగ.

తర్వాతి ఆదివారం నాయినా నేనూ ఓదెలన్న వెంట రేగొండ పక్కన వాళ్ళ ఊరికి పోయాం. కెమెరా సంచి నాయిన భుజానే ఉంది. సారక్క అప్పుడే పెరట్లోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. "కూసోన్రి, చాయ్ పెడ్త" అని మమ్మల్ని పలకరించి, భర్త వైపు తిరిగి, "మనుషులను తోల్కొచ్చి నువ్వు మళ్ళ మంచమెక్కకు" అంది. ఓదెలన్న తన ఫోటో ఆమె చేతికిచ్చాడు. ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని తీసుకుంది.

"గీయనెవలు?" అంది. ఫోటోను వెలుతురుకు తిప్పింది. చెవిని చూసి పోల్చుకుందో, పళ్ళను చూసి పోల్చుకుందో, ఉన్నచోటనే గడప మీద కూలబడింది. చాలాసేపు చూసింది. తర్వాత కొంగు చివర చెంబులో ముంచి, ఆ ఫోటోలో మొగుడి ముఖాన్ని తుడవడం మొదలుపెట్టింది.

"ఏయ్, ఏం జేస్తున్నవే, ఖరాబైతది!" అన్నాడు ఓదెలన్న.

ఆమె ఆపలేదు. నుదురు తుడిచింది, కళ్ళ కింద తుడిచింది. "ముక్కులకు గూడ పోతదా?" అని అడిగింది. "రోజు గిట్లనే ఉంటదా? నేను తిట్టిననయ్యా, రోజు తిట్టిన."

నా పక్కన నాయిన కదిలాడు. నా చెవి దగ్గరికి వంగి, "నేను జేసింది గూడ గదే గదా బిడ్డా" అన్నాడు. అని, సంచి విప్పి కెమెరా నా చేతుల్లో పెట్టాడు. నేను పైనుంచి అద్దంలోకి చూశాను. గడప, తడిసిన కొంగు, వంగిన తల, చెదిరిన జుట్టు, చెంప మీద పొయ్యి మసి. పెండ్లిళ్ళలో నాయిన ప్రతి ఫోటోకూ ముందు "జర జుట్టు సర్దుకోన్రి, జర నవ్వుండ్రి" అనేవాడు, ఒక్కసారి కూడా మానేవాడు కాదు. ఇప్పుడు కూడా ఆయన నోరు తెరవడం విన్నాను. మళ్ళీ మూసుకున్నాడు.

"గట్లనే తియ్యి" అన్నాడు.